యాభై ఒకటో వంతు

మా ఆయనకు మాట దొరకనప్పుడు అందించడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను. వెండెల్ ఇరాక్ నుంచి తలకు దెబ్బతో తిరిగొచ్చాడు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, ఎడమ చెవి పోయింది, మాటలు మాత్రం కొన్ని సమయానికి రావు. ఏది రాదో ముందుగా తెలియదు. ఒకరోజు 'కిటికీ' రాదు, ఒకరోజు సొంత తమ్ముడి పేరు రాదు. బండి కింద పడుకున్న మనిషి చెయ్యి చాపితే పానా అందించినట్టు నేను మాట అందిస్తాను. అతను దాన్ని వాడుకుని ముందుకు పోతాడు. పదహారేళ్లుగా అలాగే నడిచింది.

మాది సమాధి రాళ్లు నిలబెట్టే వ్యాపారం. చుట్టుపక్కల శ్మశానాల్లో ఒరిగినవీ, కుంగినవీ పైకి తీసి, కింద నేల సరిచేసి, మళ్లీ నిలువునా పెడతాం. పెడతాం అంటే వెండెల్, ఓర్విల్ పెడతారు. ఓర్విల్ అరవై దాటిన మనిషి, మాకున్న ఒకే ఒక్క పనివాడు. ఫోన్లు, కాయితాలు, బేరాలు, చీవాట్లు నావి. వెండెల్ పక్కనే నిలబడి ఉన్నా ఓర్విల్ నా వైపు తిరిగి, "బాస్, రేపెక్కడికి?" అని అడిగేవాడు. వెండెల్ నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడు మే నెలలో కౌంటీ వాళ్లు, అంటే మా జిల్లా సర్కారు, తమ శ్మశానాల పనంతా తుల్సా నగరంలోని ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేశారు. మా పనిలో ముప్పాతిక భాగం ఒక్క ఉత్తరంతో పోయింది. ఇక మిగిలింది బండి అమ్మేసి పక్క రాష్ట్రం ఆర్కన్సాలో మా అక్క ఉండే ఊరికి పోవడం. అక్కడి కోళ్ల ఫ్యాక్టరీలో నాకు పని దొరుకుతుంది. వెండెల్‌కు ఏదీ దొరకదు. పని లేని వెండెల్‌ని నేను ఒకసారి చూశాను, తిరిగొచ్చిన మొదటి రెండేళ్లు. పొద్దున ఏ కుర్చీలో కూర్చున్నాడో సాయంత్రం అదే కుర్చీలో ఉండేవాడు. దాన్ని రెండోసారి చూసే ఓపిక నాకు లేదు.

అలాంటప్పుడు ఓర్విల్ ఒక కబురు తెచ్చాడు. ఇరవై మైళ్ల దూరంలో సైనికుల శ్మశానం ఉంది. అక్కడ తొమ్మిది వందల తెల్లరాళ్లు వరస తప్పాయి, సెప్టెంబరులో పని ఇస్తారు. అది కూడా అందరికీ కాదు, కొలువులో దెబ్బతిన్న సైనికుల సొంత కంపెనీలకు మాత్రమే. వైకల్యం ఉందని సైన్యంవాళ్లు ఇచ్చిన ఉత్తరం వెండెల్ దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇంకేం, పని మాదే అనుకున్నాను.

అలాంటి కంపెనీ అని సర్కారు దగ్గర గుర్తింపు పొందాలిగా. దానికి సాయం చేసేవాళ్లు కాలేజీ లైబ్రరీ వెనక గదిలో ఉంటారని చెబితే వెళ్లాం. ఉంటారు అనడం మర్యాదకే, ఉన్నది ఒక్క మనిషి. పేరు రొవీనా హాకిన్స్. ఇరవై ఏళ్లు నేవీలో సరుకుల గుమాస్తాగా చేసి వచ్చిందట. కళ్లజోడు గొలుసుతో మెళ్లో వేలాడుతూ ఉంది. ఎదురుగా కూర్చున్నవాడి గడ్డం చూడగానే అతను ఏ దళంవాడో చెప్పేసే రకం.

"నేవీనా? ఎండ తగలని ఉద్యోగం," అన్నాడు వెండెల్.

"మీ సైన్యానికి బూట్లూ బిస్కెట్లూ మోసింది మేమే సార్జెంట్. ఎక్కువ మాట్లాడితే ఇప్పుడైనా ఆపేస్తాను," అంది ఆవిడ, తల ఎత్తకుండానే మా కాయితాలు తిరగేస్తూ.

ఆ దెబ్బతో ఇద్దరూ చుట్టాలైపోయారు. కానీ మా కంపెనీ ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అందులో రెండు ముక్కలున్నాయి. కంపెనీ చెరిసగం. ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా ఇద్దరి సంతకాలూ కావాలి. తొమ్మిదేళ్ల కిందట అది రాయించింది వెండెలే. చర్చిలో చేసిన ప్రమాణం లాగా వ్యాపారంలోనూ సగం సగం ఉండాలని పట్టుబట్టాడు. అది చదివిన రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతో.

రొవీనా నిదానంగా చెప్పింది. ఈ గుర్తింపు రావాలంటే దెబ్బతిన్న మనిషికి నూటికి కనీసం యాభై ఒక్క వంతులు ఉండాలి. అతని మాటను కాదనే హక్కు ఇంకెవరికీ ఉండకూడదు, భార్యకైనా సరే. పేరు ఒకరిదీ పెత్తనం ఒకరిదీ పెట్టి ఈ పనులు కొట్టేసినవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే అంత పట్టుదల.

"నేను మాటిచ్చాను. సగం ఆమెదని," అన్నాడు వెండెల్.

"ఒక్క వంతేగా. తీసుకో, నీ పుట్టినరోజు కానుక అనుకో," అన్నాను నేను. వెంటనే సంతకం పెట్టేశాను. నాకు అది కాయితం మీద గీత. ఒక అంకె చెరిపి ఇంకో అంకె వేస్తే ఇంట్లో ఏం మారుతుంది?

ఆ రోజే రొవీనా ఇంకో సంగతి గమనించింది. తన ప్రశ్నలకు వెండెల్ మూడుసార్లు ఆగాడు, మూడుసార్లూ నేనే అందుకున్నాను. లేచేటప్పుడు నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "అమ్మాయ్, అతను ఆగినప్పుడు మనసులో పది దాకా లెక్కపెట్టుకో. ఆ తర్వాత కావాలంటే అందించు," అంది. నేను సరేనన్నాను. పది దాకా ఎవరు లెక్కపెడతారు? నాలుగుకే నా నాలుక దురద పెట్టేది.

జూన్ అంతా కాయితాలతో గడిచింది. బ్యాంకు ఖాతా, లైసెన్సు, బండి రిజిస్ట్రేషను అన్నీ అతని పేరు ముందుకు వచ్చాయి. సర్కారువాళ్ల వెబ్‌సైటులో అతని పేరుతో నేనే అన్నీ ఎక్కించాను. మరి అతనికి తెరమీది అక్షరాలు ఎక్కువసేపు చూస్తే తలనొప్పి. దాంట్లో తప్పేముందని నాకు తట్టనే లేదు.

జూలైలో ఒకరోజు ఫోను మోగింది. గుర్తింపు ఇచ్చే ఆఫీసునుంచి అకోస్టా అనే అతను, గొంతు చిన్నవాడిలా ఉంది, మర్యాదగా మాట్లాడాడు. వెండెల్ గారి నుంచి ఒక చిన్న వివరం కావాలన్నాడు. వెండెల్ షెడ్డులో బండి కింద ఉన్నాడు. నేనేం చేశాను? ఇన్నేళ్లూ ఏం చెప్పానో అదే చెప్పాను.

"నాతో చెప్పండి సార్. అన్నీ చూసుకునేది నేనే. మా ఆయన నేను లేకపోతే ఒక్క అడుగు వెయ్యలేడు."

థాంక్స్ మేడమ్, అని పెట్టేశాడు. మంచి కుర్రాడు, మామీద జాలిపడ్డాడు, పని తొందరగా అయిపోతుంది అని ఆ సాయంత్రమే రొవీనాకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. నేను అన్న మాటలు యథాతథంగా మళ్లీ చెప్పమంది. చెప్పాను.

"డెనీస్, అది ఆసుపత్రిలో చెప్పే మాట. భర్తని బాగా చూసుకుంటున్నావని డాక్టరు మెచ్చుకుంటాడు. ఈ ఆఫీసులో చెబితే కంపెనీ అతనిది కాదని ఒప్పుకున్నట్టు."

వారానికి ఉత్తరం వచ్చింది. కంపెనీని నడిపేది వేరే మనిషి అని అనుమానంగా ఉంది, దరఖాస్తు తిరస్కరించే ముందు యజమానితో నేరుగా మాట్లాడతాం, ఆ సమయంలో ఆయన భార్య గదిలో ఉండకూడదు అని. ఆ చివరి ముక్క నాలుగుసార్లు చదివాను. దొంగని పట్టినట్టు రాశారు. పదహారేళ్ల నా కష్టాన్ని ఎవరో తీసుకొచ్చి నేరాల జాబితాలో వేసినట్టు ఒళ్లు మండింది. వెండెల్ మాత్రం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని గడ్డి కోయడానికి పోయాడు.

ఆ వారమే టెండరు లెక్కలు వేస్తున్నాం. తొమ్మిది వందల రాళ్లకు నలభై రోజులు అని నేను రాశాను. నేల గట్టిపరిచే చిన్న యంత్రం అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది, అంతకంటే ఎక్కువ రోజులు వేస్తే పని మనకివ్వరు. వెండెల్ వెనకనుంచి వంగి చూశాడు.

"నలభై చాలవు," అన్నాడు.

"చాలుతాయి. నేను చూశాను."

అతను ఇంకేదో చెప్పబోయి ఆగాడు. నోరు తెరిచి మాట కోసం వెతుక్కుంటున్నాడు. నేను నాలుగు దాకా లెక్కపెట్టి, "వర్షమా? వర్షానికి కూడా వదిలాలే," అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. వర్షం గురించే అనుకున్నాను.

తర్వాత మూడు రోజులు కూర్చుని చిన్న అట్టముక్కల మీద జవాబులు రాశాను. ఎవరు నిర్ణయిస్తారు? నేనే. ఎవరు బేరమాడతారు? నేనే. ఒక్కొక్కటీ చదివించాను. బుద్ధిగా చదివాడు, అచ్చు నా మాటల్లోనే. రొవీనాకు చెబితే చీవాట్లు పెడుతుందని చెప్పలేదు.

ఆగస్టు రెండో వారంలో పిలుపు, రొవీనా గదిలో ఫోను మీద. కాలేజీ గుమ్మం దగ్గర వెండెల్ టోపీ తీసి నా చేతికిచ్చాడు. దాని లోపల అట్టముక్కలన్నీ ఉన్నాయి.

"ఇవి నువ్వు చెప్పేవి," అన్నాడు. అంతే, లోపలికి పోయాడు.

రొవీనా నన్ను కారులో కూర్చోమంది. ఆ ఎండలో కారులో ఎవరు కూర్చుంటారు, వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ గదిలో ఏసీ చెడిపోయి తలుపు తెరిచే ఉంది, వెండెల్ చెవి కోసం ఫోను గొంతు పెద్దది చేశారు. ఒక్క మాట పోకుండా వినపడుతోంది. ఆవిడ నన్ను చూసింది, తలుపు మాత్రం వెయ్యలేదు.

మొదటి ప్రశ్నలు తేలికవి. ఏ దళం, ఎన్నేళ్లు, వ్యాపారం ఎప్పుడు మొదలైంది. వెండెల్ నెమ్మదిగా చెబుతున్నాడు. తర్వాత అకోస్టా అడిగాడు.

"మీకూ మీ ఆవిడకూ ఒక విషయంలో తేడా వస్తే ఏం చేస్తారు?"

నేను రాసిన జవాబు నా చేతిలో టోపీలో ఉంది. తుది మాట నాదే అని. వెండెల్ మాట్లాడలేదు. నేను పది లెక్కపెట్టాను. పదిహేను. నా కాళ్లు వాటంతటవే లేచి గుమ్మం దాకా వెళ్లాయి, మాట పెదవుల మీద ఉంది. రొవీనా కుర్చీలోంచి లేవకుండా అరచెయ్యి పైకెత్తింది. ట్రాఫిక్ పోలీసు ముందు ఆగినట్టు ఆగిపోయాను.

"ఇప్పటిదాకా తేడా రాలేదు సార్," అన్నాడు వెండెల్. "నేను మాట్లాడలేదు కాబట్టి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడొకటి ఉంది. శ్మశానం పని. ఆమె నలభై రోజులు రాసింది. అరవై పడుతుంది."

ఎందుకని అకోస్టా అడిగాడు. వెండెల్ చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో మూడుసార్లు ఆగాడు, ఒకసారి చాలాసేపు. కానీ చెప్పాడు. యంత్రంతో చేస్తే నేల గట్టిగా ఉన్నట్టే కనపడుతుందట, వసంతంలో వానలకు మళ్లీ కుంగుతుందట. ప్రతి రాయికీ కింద చేత్తో దిమ్మిస కొట్టాలట. వరస ముందు నిలబడి చూస్తే అన్ని రాళ్లూ సరిగ్గానే ఉంటాయి, మూలకు పోయి ఐమూలగా చూస్తేనే తప్పు తెలుస్తుంది, అందుకే ప్రతి రాయినీ మూడు వైపులనుంచి చూడాలి అన్నాడు.

"ఆ రాళ్ల కింద ఇరాక్‌లో నాతో పనిచేసినోళ్లు ఇద్దరున్నారు. వాళ్లని రెండోసారి తవ్వడం నాకిష్టం లేదు."

పదహారేళ్లలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పడం నేను వినలేదు. ఆ ఇద్దరి సంగతీ నాకు తెలియదు. తొమ్మిది వందల రాళ్ల లెక్క వేసినదాన్ని, ఏ రాయి మీద ఏ పేరు ఉందో అడగలేదు.

ఇంటికి వచ్చే దారిలో నేనే నడిపాను. కోపం వచ్చింది, సిగ్గూ వేసింది, ఏది ముందో తెలియలేదు. సగం దారిలో పెట్రోలు బంకు పక్కన ఆపేసి ఏడ్చాను. వెండెల్ లోపలికి పోయి రెండు గ్లాసుల ఐస్ టీ తెచ్చాడు. నాకు నిమ్మకాయ వేయించాడు, మర్చిపోకుండా.

"అందరిముందూ చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పాను. నలభై చాలవని."

"వర్షం గురించి అనుకున్నాను."

"వర్షం నువ్వన్నావు."

నేను టీ తాగాను. ఏం మాట్లాడాలో ఈసారి నాకే దొరకలేదు. అతను అందివ్వలేదు, ఎదురు చూశాడు. కాసేపటికి తనే అన్నాడు:

"డెనీస్, నువ్వు లేకపోతే నేను లేను. అది నిజమే. ఫోన్లో ఆయన అడిగింది అది కాదు."

ఆ నెలాఖరుకు గుర్తింపు వచ్చింది. రొవీనా దాన్ని పెద్దక్షరాల్లో అచ్చు తీసి, నేవీ దయవల్ల అని కింద చేత్తో రాసి ఇచ్చింది. టెండరు పంపాల్సిన రోజు వెండెల్ బల్ల దగ్గర కూర్చుని నలభై కొట్టేసి అరవై వేశాడు. పని పోతుందని నాకు ఖాయంగా అనిపించింది. ఆర్కన్సాలో అక్క ఇంటి వెనక గది, అందులో ఆ కుర్చీ కళ్ల ముందు కనపడ్డాయి. ఆ మాట చెప్పాను కూడా, భయంగా ఉందని. అతను పూర్తిగా విన్నాడు, ఆలోచించాడు, అరవై అలాగే ఉంచాడు. చివర సంతకం చెయ్యాల్సిన చోట ఒక్కటే గీత ఉంది. నేను అలవాటుగా కలం తీశాను, తీసి ఏం చెయ్యాలో తోచక మూత పెట్టేశాను.

సెప్టెంబరు చివరి వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. బండికి అమ్మకానికి అని అట్ట కూడా కట్టాం, ఇద్దరు వచ్చి చూసిపోయారు. అప్పుడు వచ్చింది కబురు, పని మాకే అని. ఎందుకిచ్చారో చెప్పలేదు. ఓర్విల్ ఆ అట్టను తీసి నాలుగు ముక్కలు చేసి, "రేపెక్కడికి?" అన్నాడు నా వైపు తిరిగి. నేను వెండెల్ వైపు చూశాను. ఓర్విల్ కాసేపు తికమక పడి తనూ అటు తిరిగాడు.

మొదటి రోజు పొద్దున్నే వెళ్లాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. వెండెల్ పని మొదలుపెట్టకుండా నాలుగో వరసలోకి నడిచి ఒక రాయి దగ్గర ఆగాడు, తర్వాత పదకొండో వరసలో ఇంకో రాయి దగ్గర. టోపీ చేతిలో ఉంది. నేను ఈసారి వెనకే వెళ్లి పేర్లు చదివాను.

ఎనిమిదింటికి శ్మశానం చూసే అధికారి వచ్చింది. కొత్తగా వచ్చినావిడ, చేతిలో కాయితాలు బిగించిన పలక, గట్టి నడక. అందరిలాగే ఆవిడా మా ఇద్దరినీ చూసి నన్నే అడిగింది, రాళ్ల కింద ఏం వేస్తారని.

"ఆయన్ని అడగండి మేడమ్," అన్నాను.

ఆవిడ అటు తిరిగింది. వెండెల్ మోకాళ్ల మీద కూర్చుని గుంట అడుగు చూపించాడు. "కింద ఇసుక, ఒక అంగుళం. దానిమీద..." అని ఆగిపోయాడు. చెయ్యి గాల్లో ఉండిపోయింది, వేళ్లు దేన్నో నలుపుతున్నట్టు కదులుతున్నాయి. ఆ మాట నాకు తెలుసు, మూడడుగుల దూరంలో బండి నిండా అదే ఉంది. ఓర్విల్ నా వైపు చూశాడు. అధికారి కూడా నా వైపు చూసింది. నేను వంగి, రాళ్ల వరస సరిచూడ్డానికి కట్టిన తాడు బిగువుగానే ఉన్నా దాని ముడి విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. పది చాలదని అప్పటికి నేర్చుకున్నాను. ఇరవై అయింది. ఇరవై మూడు.

"కంకర," అన్నాడు వెండెల్.